బొగ్గుగని పక్కన దొరసాని

ఇంగ్లీషువాళ్ళలో ఒక సామెత వున్నది. పనికిమాలిన చాకిరీ నెత్తిన వేసుకున్నవాణ్ణి చూసి, "న్యూకాసిలుకు బొగ్గులు మోసుకుపోతున్నాడు" అంటారు. న్యూకాసిలు ఇంగ్లండుకు ఈశాన్యమూల, టైను నది ఒడ్డున వున్న పట్నం. ఆ చుట్టుపట్ల నేల అడుగున బొగ్గు పొరలు పొరలుగా పరుచుకుని వున్నది. కొన్ని వందల ఏళ్ళపాటు లండను నగరంలో పొయ్యిలు వెలిగింది ఆ నది మీదినించి ఓడల్లో వెళ్ళిన బొగ్గుతోనే. అలాంటి వూరికి బయటినించి బొగ్గు మోయడమంటే సముద్రానికి ఉప్పు మోసినట్టే గదా!

ముప్ఫయ్యేళ్ళు కొత్తగూడెంలో బడిపంతులుగా పనిచేసినవాణ్ణి నేను. నా దగ్గర చదువుకున్న పిల్లల్లో చాలామంది తండ్రులు బొగ్గుబావుల్లో దిగి పనిచేసేవారు. మా అమ్మాయి కాపురం న్యూకాసిలులో పెడుతున్నదని తెలిసినప్పుడు, "పోనీలెండి, బొగ్గువూరి పిల్లని బొగ్గువూరికే పంపుతున్నాం" అని మా ఆవిడ నవ్వింది. మేమిద్దరం అక్కడికి వెళ్ళి మూడు నెలలున్నాం. ఆ మూడు నెలల్లో కోటలు చూశాము, చర్చీలు చూశాము, సముద్రపు ఒడ్డున చలికి వణికాము. కాని పాఠకులకు ఇప్పుడు చెప్పబోయేది వీటి సంగతి కాదు. టిక్కెట్టు లేకుండా, గేటు దగ్గర ఆపేవాడు లేకుండా, పొలాల మధ్య వెల్లకిలా పడుకుని వున్న ఒక దొరసాని సంగతి.

ఆవిడ పేరు నార్తంబర్లాండియా. ఆ జిల్లా పేరు నార్తంబర్లాండు. దానినించి పుట్టిన పేరు. జనం మాత్రం "ఉత్తరాది దొరసాని" అంటారు.

ఆ ప్రాంతానికి వెళ్ళినవాళ్ళందరికీ ముందుగా చూపించేది మరొక విగ్రహం. న్యూకాసిలుకు దక్షిణాన, గేట్సుహెడ్డు దగ్గర పెద్దరోడ్డు పక్కనే నిలబడి వుంటుంది. ఆంటొనీ గోర్మ్‌లీ అనే శిల్పి చేసిన ఇనప దేవదూత. 1998లో నిలబెట్టారు. ఎత్తు 20 మీటర్లు, రెక్క కొసనించి రెక్క కొసకు 54 మీటర్లు. అది నిలబడిన చోట కూడా ఒకప్పుడు బొగ్గుగనే. రోజుకు వేలకొద్దీ కార్లు దాన్ని చూస్తూ పోతాయి. దానికీ రుసుము లేదు. మొదటి ఆదివారం మా అల్లుడు దాన్నే చూపించాడు. రెండో ఆదివారం, "మామయ్యగారూ, ఇవాళ ఉత్తరంగా పోదాం. నిలబడిన ఆయన్ని చూశారు గదా, పడుకున్న ఆవిడనీ చూద్దురుగాని" అన్నాడు.

పట్నానికి ఉత్తరంగా సుమారు ఎనిమిది మైళ్ళు. క్రామ్లింగ్టన్ అనే చిన్న పట్నం దాపున రోడ్డు దిగి, పొలాల మధ్యగా పోయి, కారు ఆపాము. మే నెల. ఎండ వున్నదన్న మాటేగాని గాలి చెవులు కోస్తున్నది. మా ఆవిడ చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద శాలువ, ఆ పైన అమ్మాయి కోటు వేసుకుని, "దొరసానిగారికి చలి వెయ్యదు కాబోలు" అన్నది.

ముందు ఒక చిన్న తోపులోనించి నడవాలి. చెట్ల నీడ దాటి బయటికి రాగానే ఎదురుగా కనిపించింది పచ్చని గుట్ట. దాని పక్కన ఇంకొకటి. మధ్యలో నీళ్ళు. గుట్టల చుట్టూ తెల్లని బాటలు చుట్టలు చుట్టుకుంటూ పైకి పోతున్నవి. అంతే! చెయ్యేది, కాలేది, ముఖమేది? కింద నిలబడినవాడికి ఏమీ తెలియదు. ఆ విగ్రహం పొడవు 400 మీటర్లు, అంటే రెండు ఫర్లాంగులు. రెండు ఫర్లాంగుల మనిషిని పాదాల దగ్గర నిలబడి చూస్తే మనిషిలా ఎలా కనిపిస్తుంది? విమానంలో వెళ్ళేవాడికి మాత్రం జుట్టు పరుచుకుని, ఒక మోకాలు కాస్త మడిచి, హాయిగా పడుకున్న ఆడమనిషి కనిపిస్తుంది. నేలమీద నడిచేవాడు ఆవిణ్ణి కాలితోనే చదువుకోవాలి. ఇదిగో చీలమండ, ఇదిగో తుంటి, ఇదిగో భుజం అనుకుంటూ పోవాలి.

దారి పక్కన ఆవిడ పుట్టుపూర్వోత్తరాలు రాసి పెట్టారు. అవి తెలిస్తేగాని అక్కడి విశేషం అర్థం కాదు.

ఆ భూమి బ్లాగ్డన్ ఎస్టేటు వారిది. తరతరాలుగా రిడ్లీ వంశం వారి జమీను. దాని పక్కనే షాట్టన్ అనేచోట, బ్యాంక్స్ అనే కంపెనీ ఓపెన్‌కాస్టు బొగ్గుగని తవ్వింది. ఓపెన్‌కాస్టు అంటే మన బొగ్గుప్రాంతాల వారికి వేరే చెప్పనక్కరలేదు. మనుషులు సొరంగంలో దిగడం వుండదు. పైనున్న మట్టినీ రాతినీ యంత్రాలతో తీసి పక్కకు పోసి, అడుగున వున్న బొగ్గును ఎత్తుకుంటారు. టన్ను బొగ్గుకు దానికి ఎన్నోరెట్లు మట్టి తీయాలి. ఆ మట్టి గుట్టలు గుట్టలుగా పెరుగుతుంది.

మామూలుగా గని పని పూర్తయ్యాక ఎప్పుడో నేల చదును చేసి అప్పగించడం ఆ దేశపు పద్ధతి. ఇక్కడ మాత్రం గని నడుస్తూ వుండగానే, తీసిన మట్టిలోనించి 15 లక్షల టన్నుల రాయీ బంకమన్నూ పక్కకు తెచ్చి ఈ రూపం పోశారు. బొగ్గు తవ్వడానికి పెట్టిన యంత్రాలే, లారీలే ఇక్కడ శిల్పి చేతిలో ఉలి అయినవి. ఎత్తు 34 మీటర్లు, మన లెక్కన 110 అడుగుల పైచిలుకు. చుట్టూ 46 ఎకరాల తోట, మూడు చెరువులు, సుమారు నాలుగు మైళ్ళ కాలిబాటలు. మొత్తం ఖర్చు 30 లక్షల పౌండ్లు. కంపెనీ, ఎస్టేటు కలిసి పెట్టుకున్నవి. ప్రజల సొమ్ము కాదు. 2012 ఆగస్టు 29న అన్నె రాకుమారి ప్రారంభోత్సవం చేసింది. సెప్టెంబరులో జనానికి తలుపులు తెరిచారు. తలుపులన్నది మాటవరసకే, అక్కడ తలుపులు లేవు.

ఈ రూపం ఊహించినవాడు చార్లెస్ జెంక్స్. అమెరికాలో 1939లో పుట్టి బ్రిటనులో స్థిరపడ్డాడు. భవనాల గురించి పుస్తకాలు రాసి పేరు తెచ్చుకున్నాడు. తరువాత మట్టితో, గడ్డితో, నీళ్ళతో గుట్టలు మలచడం మొదలుపెట్టాడు. ఆయన భార్య మ్యాగీ కాన్సరుతో 1995లో పోయింది. రోగులు, వాళ్ళ ఇంటివాళ్ళు కాసేపు ప్రశాంతంగా కూర్చుని మాట్లాడుకునే ఇళ్ళు కావాలని ఆమె కోరిక. ఆ దంపతులు తలపెట్టిన ఇళ్ళలో మొదటిది 1996లో ఎడింబరోలో తెరిచారు. అలాంటివి ఇప్పుడు బ్రిటనులో ఎన్నో ఆసుపత్రుల పక్కన వున్నవి. జెంక్స్ 2019లో చనిపోయాడు.

ఇవన్నీ చదువుకుని నడక సాగించాం. మా మనమరాలు ముందు పరుగెత్తుతున్నది. సగం దూరం పోయాక మా ఆవిడ ఆగి, "ఏమండీ, ఇంతకీ మనం ఎక్కడ నడుస్తున్నాం?" అని అడిగింది.

"లెక్క ప్రకారం తుంటి దాటాం" అన్నాను.

"ఆడమనిషి ఒంటిమీద చెప్పులతో నడవడమేమిటండీ?"

"అత్తయ్యగారూ, వట్టి మట్టే గదండీ" అన్నాడు అల్లుడు.

"మట్టే బాబూ! పొద్దున్నే మంచం దిగుతూ మనం దణ్ణం పెట్టుకునేది మట్టికే గదా!" అని వంగి, ఆ బాటను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నది. తరువాత ఇంకేమీ అనకుండా మా అందరికంటే ముందు ఎక్కింది. వెనకనించి వస్తున్న ఒక తెల్లవాళ్ళ కుటుంబం ఆవిణ్ణి వింతగా చూశారు. వాళ్ళ పిల్లవాడు తనూ వంగి బాటను తాకి, చేతికంటిన ధూళి తల్లికి చూపించాడు.

ముఖం మీదికి చేరాము. నుదురు దగ్గర నిలబడితే గాలి మనిషిని నెడుతుంది. తూర్పున సముద్రపు నీలిగీత. ఉత్తరంగా దూరాన చెవియట్ కొండలు, స్కాట్లండు సరిహద్దువి. మెత్తగా, గుండ్రంగా, ఒకదానినొకటి ఆనుకుని పడుకున్నట్టుంటవి. వాటిని చూశాక కాళ్ళకింది గుట్టల ఒంపులు ఎక్కడినించి వచ్చాయో తెలుస్తుంది. పక్కనే షాట్టన్ గని భూములు. అక్కడ బొగ్గు తవ్వకం ముగిసింది.

పైన బెంచీ మీద ఒక ముసలాయన కుక్కను కాళ్ళదగ్గర కూర్చోబెట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నాడు. మా వేషాలు చూసి, ఏ దేశమని అడిగాడు. ఇండియాలో బొగ్గు దొరికే వూరినించి వచ్చామని చెప్పేసరికి ఆయన ముఖం వికసించింది.

"మీ దగ్గర ఇంకా తవ్వుతున్నారా?"

"తవ్వుతున్నారు. లోపలా తవ్వుతున్నారు, పైనించీ తవ్వుతున్నారు."

ఆయన తాత, తండ్రి, ఆయన, మూడు తరాలు గనిలోనే పనిచేశారట. చివరికి ఎల్లింగ్టన్ గనిలో చేశాడు. ఈశాన్య ఇంగ్లండులో మిగిలిన ఆఖరి లోతుగని అది. 2005లో మూతపడింది. "ఈ దొరసాని బాగానే వుంది. కాని మా గుర్తు కాదు సుమండీ. దీనికోసం ఎవరూ లోపలికి దిగలేదు. పెద్ద యంత్రాలు, పిడికెడు మనుషులు. మా గనులు మూసినప్పుడు పైనున్న చక్రాలు విప్పేశారు, దిబ్బలు చదును చేశారు, గడ్డి చల్లారు. నా మనమళ్ళకు మా పని ఎక్కడ జరిగేదో చూపిద్దామంటే పొలం తప్ప ఏమీ లేదు" అన్నాడు.

"మరి ఇక్కడికి వస్తూ వుంటారా?"

"వారం వారం. మోకాళ్ళకు మంచిది!" అని నవ్వాడు.

ఆయన మాట నన్ను చాలాసేపు వదలలేదు. ఆ చుట్టుపక్కల చరిత్ర తెలుసుకున్నకొద్దీ ఆ మాటకు బరువు పెరిగింది. క్రామ్లింగ్టనుకు తూర్పున కొద్ది మైళ్ళ దూరంలో న్యూహార్ట్లీ అనే వూరున్నది. 1862 జనవరి 16న అక్కడి గనిలో, నీళ్ళు తోడే యంత్రపు పెద్ద ఇనపదూలం విరిగి, సగం ముక్క బావిలో పడింది. ఆ గనికి వున్నది ఒకటే బావి. దారి మూసుకుపోయింది. లోపల వున్న పెద్దలూ పిల్లలూ కలిసి 204 మంది చనిపోయారు. ఆ వూళ్ళో మగదిక్కు మిగిలిన ఇళ్ళు తక్కువ. ఆ యేడే పార్లమెంటు చట్టం చేసింది: ప్రతి గనికీ బయటపడడానికి రెండు దారులుండాలని. మన దేశపు గనుల నిబంధనల్లోనూ ఆ నియమం వున్నది. మన నల్లసూర్యులు గనిలో దిగే ప్రతిసారీ వెనక రెండో దారి వున్నదంటే, అది ఆ 204 మంది ప్రాణాలతో కొన్న పాఠమే.

ఇంకొంచెం ఉత్తరంగా యాషింగ్టన్ వున్నది. 1934లో అక్కడి గనికార్మికులు కొందరు సాయంత్రాలు కళల గురించి చెప్పుకుందామని ఒక మాస్టారిని పిలిపించుకున్నారు. రాబర్ట్ లయన్ ఆయన పేరు. వట్టి ఉపన్యాసాలతో లాభం లేదని, వాళ్ళచేతనే కుంచె పట్టించాడు. పగలు గనిలో పని, సాయంత్రం బొమ్మలు. తట్టల్లో బొగ్గు నింపడం, గుర్రాన్ని తోలడం, ఇంటికొచ్చి స్నానం చెయ్యడం, పావురాల గూళ్ళు, ఇవే వాళ్ళ విషయాలు. ఆ బొమ్మలు ఇప్పుడు వుడ్‌హార్న్ అనే పాతగనిలో పెట్టిన మ్యూజియంలో వున్నవి. దొరసానిని చూసినవాళ్ళు అక్కడికీ వెళ్ళాలి. ముసలాయన వెతుకుతున్న గుర్తు అక్కడున్నది.

తిరుగుదారిలో మా కుటుంబంలో చిన్న వాదం జరిగింది.

"నాన్నగారూ, ఇదంతా తవ్వినవాళ్ళు చేసుకున్న అలంకారం. ఒక పక్క బొగ్గు అమ్ముకుని, ఇంకోపక్క పచ్చని బొమ్మ చూపిస్తే జనం బొమ్మనే చూస్తారు" అన్నది అమ్మాయి. ఇది అమ్మాయి ఒక్కతె మాట కాదు. ఈ పథకం తలపెట్టినప్పుడు ఆ చుట్టుపక్కలవారే చాలామంది అభ్యంతరం చెప్పారు. గనీ వద్దు, గని పేరు చెప్పి కట్టే బొమ్మా వద్దు అన్నారు.

"వేరేచోట అయితే తవ్వినవాళ్ళు ఈపాటిదీ ఇవ్వరు. పైగా గని మూసినదాకా ఆగకుండా ముందే ఇచ్చారు. 46 ఎకరాలు జనానికి వదిలారు" అన్నాడు అల్లుడు.

ఇద్దరి మాటలోనూ నిజం వున్నది. బొగ్గు కాల్చడంవల్ల లోకానికి వచ్చిన చేటు ఇప్పుడు అందరికీ తెలుసు. బ్రిటనులో బొగ్గుతో కరెంటు తీసే ఆఖరి కేంద్రం, రాట్‌క్లిఫ్‌లోది, 2024 సెప్టెంబరు 30న ఆగిపోయింది. ఎన్ని దొరసానులను పడుకోబెట్టినా కాల్చిన బొగ్గు వెనక్కి రాదు. అది అమ్మాయి పక్షాన చెప్పవలసిన మాట.

కాని ఒక్క సంగతి నాకు గట్టిగా తోచింది. మట్టిదిబ్బకు పేరుండదు. దాన్ని ఎవరూ చూడరు, దాని గురించి ఎవరూ అడగరు. దానికే కాళ్ళూ చేతులూ ముఖమూ ఇచ్చేసరికి జనం వస్తున్నారు. వచ్చినవాడు, "ఇంత మట్టి ఎక్కడిది?" అని అడుగుతాడు. అడిగితే గని సంగతి చెప్పాలి. గని సంగతి చెబితే బొగ్గు సంగతి, మనుషుల సంగతి వస్తుంది. అలంకారమే అనుకుందాం, దాచడానికి పెట్టిన అలంకారమే అయినా, చివరికి గనినే చూపిస్తున్నది.

మనకూ ఇంగ్లండుకూ ఈ విషయంలో పాత చుట్టరికమే వున్నది. 1871లో భూగర్భశాఖకు చెందిన డాక్టరు కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో తవ్వే హక్కులు పొందిన హైదరాబాదు దక్కను కంపెనీ ఇంగ్లండులో పుట్టిన కంపెనీయే. 1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920లో సింగరేణి పేరుతో కంపెనీ ఏర్పడింది. ఇవాళ కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు, రామగుండం, భూపాలపల్లి, ఎటు వెళ్ళినా ఓపెన్‌కాస్టు గనుల పక్కన ఓబీ గుట్టలు కనిపిస్తవి. వాటిమీద మొక్కలు నాటుతున్నారు, పచ్చదనం వస్తున్నది. బాగానే వున్నది. కాని వాటి చుట్టూ పెరిగిన పిల్లవాడికి ఆ గుట్ట ఎవరిది, దానికింద ఏ వూరి పొలం వుండేది, ఎవరి తండ్రి అక్కడ పనిచేశాడు అన్నది చెప్పే రాయి ఒక్కటైనా వుండాలని నా కోరిక. రెండు ఫర్లాంగుల దొరసాని అక్కరలేదు. ఎక్కడానికి ఒక బాట, పైన ఒక బెంచీ, ఆ వూరి పేరు చెక్కిన ఒక రాయి చాలు. ఆదివారం పూట కుటుంబంతో వెళ్ళి ఎక్కి చూడగలిగితే చాలు.

న్యూకాసిలు వైపు చుట్టపుచూపుగా వెళ్ళేవారు మన తెలుగువాళ్ళలో ఇప్పుడు చాలామంది వున్నారు. వాళ్ళకోసం నాలుగు మాటలు. న్యూకాసిలునించి క్రామ్లింగ్టనుకు రైలు పావుగంట ప్రయాణం. అక్కడినించి దొరసాని దగ్గరికి ఇంకొంత దూరం వున్నది గనుక కారు వుంటే సుఖం. గట్టి బూట్లు వేసుకోండి. వానపడితే బాటలు జారతవి. ఎంత ఎండగా వున్నా శాలువ మరవకండి. కింద చెట్లచాటున టీ దొరుకుతుంది. మోకాళ్ళు బాగులేనివారు పైకి ఎక్కనక్కరలేదు. చెరువుల పక్కగా చదునైన బాట వున్నది, అక్కడినించి చూసినా బాగుంటుంది. గడ్డి ఏటవాలుల మీద కాకుండా బాటల మీదే నడవండి.

ఆవిడ ఇంకా పూర్తికాలేదని కూడా గుర్తుంచుకోండి. రాతి విగ్రహంలాగా చెక్కి వదిలేసేది కాదు ఇది. వాన పడితే మట్టి జారుతుంది, గడ్డి పెరుగుతుంది, చలికాలంలో గోధుమరంగు తిరుగుతుంది, వసంతంలో మళ్ళీ పచ్చబడుతుంది. ఏటేటా ఎవరో కోయాలి, పూడ్చాలి, బాట సరిచెయ్యాలి. ఒక ధర్మసంస్థ, అక్కడి వన్యప్రాణి సంఘం ఆ పని చూసుకుంటున్నవి. మేము వెళ్ళిన రోజున కూడా చీలమండ దగ్గర ఇద్దరు మనుషులు తోపుడుబండిలో మన్ను తెచ్చి, వాన కోసిన చోట పోస్తున్నారు. మా మనమరాలు కాసేపు నిలబడి చూసి, "ఆవిడకి దెబ్బ తగిలిందా?" అని అడిగింది. వాళ్ళలో ఒకడు చేతిలో పార ఆపి, "కొంచెమే. సాయంత్రానికి తగ్గిపోతుంది" అన్నాడు.